ఆకాశమునుండి దర్శిసీమ

దర్శి, పొదిలి, మార్కాపురము, కంభము, గిద్దలూరు పట్టణములలో ముహూర్తములున్న దినమున ఏ కల్యాణమంటపమునకు పోయినను, పందిటిమీద డ్రోన్ అను నాలుగు రెక్కల చిన్న యంత్రమొకటి రొదచేయుచు తిరుగుట నేడు సర్వసాధారణమైనది. తిరునాళ్లకు, ఎన్నికల సభలకు, వెలిగొండ సాగునీటి పథకపు పనుల వార్తలకు, గుండ్లకమ్మ వరదలకు కూడ ఆ యంత్రమునే పిలుచుచున్నారు. ఇట్లు తీయబడిన చిత్రములను ఓపికతో వరుసగా చూచినవారికి ఒక సందేహము కలుగక మానదు. కెమెరా వణకకుండ నిలుపు అమరిక యంత్రముతోనే వచ్చుచుండగా, నేర్చుకొనుటకు కావలసిన పాఠములు చేతిలోని ఫోనులోనే దొరకుచుండగా, ఈ చిత్రములలో అధికభాగము చూచువారి కంటికి శ్రమనే మిగుల్చుటకు కారణమేమి? సినిమాలలో మనము చూచు ఆ నిదానము, ఆ నునుపుదనము, వీనికేల అబ్బకున్నది? యంత్రము చాలదని కొందరును, చేతివాటము చాలదని కొందరును చెప్పుదురు. రెండింటను సత్యము కొంత కలదు. కాని, ఏ దృశ్యమును ఎందుకు తీయుచున్నాము, ఎచట మొదలిడి ఎచట ఆపవలయును అను నిర్ణయము యంత్రము నేల విడువకముందే జరుగకపోవుటయే ఈ లోపమునకు మూలమని నా అభిప్రాయము. నేలను ఎరుగనివాని చేతిలో ఎంతటి యంత్రమైనను తడబడును.

ఆకాశమునుండి చిత్రము తీయవలెనను కోరిక క్రొత్తది కాదు. 1858లో నాదార్ అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు బెలూనులో నెక్కి పారిస్ పరిసరములను చిత్రించెను. 1909లో విల్బర్ రైట్ ఇటలీలో నడిపిన విమానమునుండి తొలిసారిగా చలనచిత్రము తీయబడినది. ఆనాటి ప్రయత్నములన్నింటికి ఇంజను ప్రకంపనమే పరమశత్రువు. ఆ శత్రువును జయించుటకు పూనుకొన్న వారిలో ఆల్బెర్ లామొరీస్ అను ఫ్రెంచి దర్శకుని స్మరింపకుండ ఈ చరిత్ర ముందుకు సాగదు. ఎర్రబెలూను కథతో బాలలకు ప్రియమైన ఆయన, హెలికాప్టరులో కెమెరాను వణకనీయని ‘హెలివిజన్’ అను పద్ధతిని రూపొందించి 1960లో బెలూను ప్రయాణమునే ఇతివృత్తముగా ఒక చిత్రము తీసెను. 1970లో ఇరాన్ దేశమున కరాజ్ ఆనకట్ట చెంత వేరొక చిత్రమునకై చిత్రీకరణ జరుపుచుండగా హెలికాప్టరు కూలి మరణించెను. ఆయన వ్రాసికొన్న టిప్పణులను అనుసరించి ఆ చిత్రమును తరువాత పూర్తిచేసిరి. ఆనకట్ట అందమును మీదినుండి చూపవలెనని ఒక కళాకారుడు ప్రాణము నర్పించిన ఆ పనిని, నేడు దర్శి కుర్రవాడు చెరువుకట్టపై నిలిచి రెండు బొటనవ్రేళ్లతో చేయగలుగుచున్నాడు. ఈ మార్పు ఎంత గొప్పదో ఆ కుర్రవానికి ఎవరైన చెప్పవలసియున్నది.

1960లలోనే అమెరికాలో నెల్సన్ టైలర్ హెలికాప్టరు ద్వారమున బిగించు కెమెరాపీఠమును తయారుచేసెను. ఐనను హెలికాప్టరు బాడుగ భరించుట పెద్ద నిర్మాణసంస్థలకు తప్ప సాధ్యమయ్యెడిది కాదు. 2013లో డీజేఐ సంస్థ ఫాంటమ్ అను యంత్రమును విడుదల చేసినది మొదలు ఈ విద్య సామాన్యుల కందినది. మన దేశమున మాత్రము 2014 అక్టోబరులో పౌరుల డ్రోన్ వినియోగమును నిషేధించిరి. 2018 డిసెంబరు 1 నుండి నిబంధనలతో అనుమతించిరి. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నియమావళితో త్రోవ సుగమమైనది. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని ఆపివేసిరి.

ఇక నునుపుదనము సంగతి. కెమెరాను మోయు జింబల్ అను అమరికలో మూడు చిన్న మోటారులుండును. యంత్రము ప్రక్కకు ఒరిగినను, ముందుకు వంగినను, చుట్టు తిరిగినను, లోపలి సెన్సరులు ఆ కదలికను క్షణములో వేయవవంతున పసిగట్టి, మోటారులను అంతే మేరకు ఎదురుదిశకు త్రిప్పును. దీనివలన గాలికి ఊగు యంత్రమునందు కెమెరా ఊగక నిలుచును. కాని, జింబల్ సరిదిద్దునది ఊపును మాత్రమే. యంత్రము ముందుకు దుమికిన, ఆగిన, మరల దుమికిన ఆ గమనదోషమును అది సరిదిద్దజాలదు. ఆ దోషమునకు కర్త నడుపువాని బొటనవ్రేలు. కావున, నడుపువాడు తొలుత చేయవలసిన పని, రిమోటుపై నున్న కర్ర కొంచెము కదపగానే యంత్రము ఉలికిపడకుండ దాని స్పందనను సెట్టింగులలో మందగింపజేయుట. దాదాపు ప్రతి యంత్రమునను సినీ మోడ్ అనియో ట్రైపాడ్ మోడ్ అనియో ఇట్టి సదుపాయము కలదు. దానిని వదలి స్పోర్ట్ మోడ్‌లో పెళ్లికారును వెంబడించువారే మనలో అధికులు.

వేగమును గూర్చి ఒక సూక్ష్మము నెరుగవలయును. కంటికి తోచు వేగము యంత్రము వేగముపై మాత్రమే ఆధారపడదు. ఎత్తుతో దానిని భాగించినప్పుడు వచ్చునదే చూపరి అనుభవించు వేగము. సెకనుకు 5 మీటర్ల వేగముతో 10 మీటర్ల ఎత్తున పోయినచో పొలముగట్లు గిరగిర వెనుకకు పోవును. అదే వేగముతో 100 మీటర్ల ఎత్తున పోయినచో దర్శి బ్రాంచి కాలువ కదలుచున్నదా లేదా యను సంశయము కలుగును. ఎత్తు పదింతలైనచో కదలిక పదవవంతగును. ఎత్తున ఎగురుట భద్రమని తలచి, అచట చిత్రము చప్పగా నున్నదని వేగము పెంచి, ఆ వేగములోనే క్రిందికి దిగుటవలననే తొట్రుపాటు పుట్టుచున్నది. సాధారణముగ తక్కువ ఎత్తున, మిక్కిలి నిదానముగ, ముందరి వస్తువొకటి కనబడునట్లు, అనగా వేపకొమ్మయో గుడిధ్వజస్తంభమో దగ్గరగ కదలుచుండ, కొండ దూరముగ నిలిచియుండునట్లు నడిపిన చిత్రమునకే లోతు కలుగును. కెమెరాను ప్రక్కకు త్రిప్పునప్పుడు, చిత్రమున ఒక అంచున ప్రవేశించిన వస్తువు రెండవ అంచును చేరుటకు సుమారు 7 సెకనులు పట్టవలెనని సినిమా ఛాయాగ్రాహకులు పూర్వమునుండి పాటించు లెక్క యొకటి కలదు. సెకనుకు 24 చిత్రముల వంతున తీయునప్పుడు అంతకు వేగిరపడినచో వస్తువు మెట్లుమెట్లుగ దుముకుచున్నట్లు కనబడును.

ఈ సూత్రములన్నియు ఏ దేశమున నైనను ఒక్కటియే. అవి ఫలించుటకు తగిన స్థలము కావలయును. అట్టి స్థలములలో మన సీమకు తలమానికమైనది కంభము చెరువు. నల్లమలలో జనించిన గుండ్లకమ్మ కొండల నడుమ ఇరుకైన కనుమగుండ వెలువడుచోట, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించినదని ప్రసిద్ధి చెందిన ఆ కట్ట సుమారు 57 అడుగుల ఎత్తు గలది. చెరువు పొడవు ఏడు కిలోమీటర్లకు దాపు. 2020లో అంతర్జాతీయ సాగునీటి, మురుగునీటి సంఘము దీనిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముగ గుర్తించినది. ఇంత చరిత్ర గల చెరువును మనవారు ఎట్లు చిత్రించుచున్నారు? కట్టపై నిలిచి యంత్రమును నిట్టనిలువుగ పైకి పంపుదురు, నూరు మీటర్లు పోయిన పిదప ఒక చుట్టు త్రిప్పుదురు, దింపుదురు. చూచినవానికి నీరు విస్తారముగ నున్నదని మాత్రము తెలియును. ఆ సంగతి కట్టపై నిలిచిన వానికిని తెలిసినదే.

ఆ చెరువు నందలి అద్భుతము విస్తారము కాదు. ఇంత చిన్న కట్ట అంత నీటిని ఎట్లు నిలిపినది యనునదే. దానికి ఉత్తరము భూమి ఆకృతిలో నున్నది. రెండు కొండలు చేయవలసిన పనిని చేయగా, మిగిలిన సందును మాత్రమే మనుష్యుడు పూడ్చెను. ఈ సత్యమును నేలపై నిలిచినవాడు చూడలేడు; నూరు మీటర్ల పైనుండి అంతయు చదునై కనబడుటచే అచటివాడును చూడలేడు. చూపదగిన మార్గమొకటి కలదు. కట్టకు దిగువన ఆయకట్టు పచ్చదనముపై మనిషి ఎత్తుకు రెండుమూడింతల ఎత్తున మొదలుపెట్టి, కట్టవైపు సెకనుకు రెండు మీటర్ల వంతున పోవుచు, సెకనుకు ఒక మీటరు వంతున పైకి లేవవలయును. కట్ట సుమారు 17 మీటర్లు గనుక, ఇరువది సెకనులలో యంత్రము దాని శిఖరమును దాటును. తొలి పది సెకనులు తెరపై పొలమును రాతిగోడయును మాత్రమే యుండును. తరువాత దాని అంచు మెల్లగ క్రిందికి జారగా, ఆవల నీటిరేఖ యొకటి కనబడి, అది వెడల్పై, దాని ఇరుప్రక్కల కొండలు నిలుచును. అపుడు యంత్రము నాపి, ఐదారు సెకనులు కదలక నిలుపవలయును. పచ్చని పొలము, రాతికట్ట, నీరు, కొండ – ఈ నాలుగింటి సంబంధము ఒకే ఊపిరిలో చూపరికి బోధపడును. ఇచట నిదానము అలంకారము కాదు. ఒక్కొక్క వస్తువును గుర్తించుటకు కంటికి వలయు వ్యవధి అది. త్వరపడినచో సంబంధము తెగిపోవును.

నీటికి కరవైన సీమకు ఇట్టి చిత్రణము మిక్కిలి అవసరమని నేను దృఢముగ నమ్ముచున్నాను. నాగార్జునసాగరము కుడికాలువ నీరు అందిన దర్శి పొలములకును, అందని పొలములకును గల భేదము ఒక గట్టుపై కనబడును. శ్రీశైలజలాశయము నుండి నల్లమల క్రింద పందొమ్మిది కిలోమీటర్లకు దాపుగ తొలిచిన జంట సొరంగములు, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల యనుచోట్ల కొండల సందులను మూసి నిర్మించిన నల్లమలసాగరము – ఈ వెలిగొండ పథకము ఐదువందల ఏండ్లనాటి కంభము యుక్తినే మరల పాటించినది. రెండును ఒకే రీతిని, ఒకే ఎత్తునుండి, ఒకే వేగముతో చిత్రించి ప్రక్కప్రక్కన చూపినచో పాఠశాల బాలురకు భూగోళపాఠము వేరొకటి అక్కరలేదు.

వెలుతురును గూర్చి మన ఆపరేటరులు తగినంత శ్రద్ధ వహించుట లేదు. సెకనుకు 25 చిత్రములు తీయునప్పుడు ఒక్కొక్క చిత్రము సెకనులో 50వ వంతు కాలము వెలుతురు గ్రహించినచో కదలికలో సహజమైన చెదరుదల ఏర్పడి కంటికి నునుపుగ తోచును. పశ్చిమ ప్రకాశము ఎండలో, ఎఫ్ 2.8 ద్వారము గల చిన్న కెమెరా, ఐఎస్‌ఓ 100 వద్ద, దానంతట దానిని విడిచినచో 3,000వ వంతుకు మించిన షట్టరును ఎన్నుకొనును. అప్పుడు ప్రతి చిత్రము కత్తితో కోసినట్లు విడివిడిగ నుండి, వరుసగ చూచునప్పుడు గడగడలాడును. పెక్కురు ఈ గడగడను జింబల్ దోషమనుకొని బాగుచేయించుటకు పంపుదురు. వలయునది వెలుతురును తగ్గించు ఎన్డీ ఫిల్టరు మాత్రమే. ఈ లెక్కన మిట్టమధ్యాహ్నమున ఎన్డీ 64, సాయంకాలమున ఎన్డీ 16 లేక 8 సరిపోవును. వైట్ బ్యాలెన్సును ఆటోలో విడువరాదు. ఫిబ్రవరి, మార్చి మాసములలో మిరపకల్లములమీదుగ సాగునప్పుడు, ఎర్రని కాయలు తెరను నింపగానే యంత్రము తనంతట రంగు మార్చును. షాట్ నడుమ నేల నీలివన్నె తిరుగును. ఆ ఎరుపు కెమెరాకు కఠినమైన పరీక్ష. తక్కిన రంగులు నిలుకడగ నుండగనే ఎరుపు పొంగి, కాయకు కాయకు గల భేదమును మింగివేయును. వెలుతురును కొంచెము తగ్గించి తీయుటయే ఉపాయము. మార్కాపురము పలకల గనులలో దీనికి విపరీతము. నల్లని రాతిపొరలను చూచి కెమెరా వెలుతురు పెంచగా, ఆకాశము తెల్లబారిపోవును. పలకలగుట్టల పొరలు ఏటవాలు వెలుతురులోనే అందగించును గాన అచటికి సూర్యోదయమైన గంటలోపలనే పోవలయును.

గాలి, ఎండ – ఈ రెండును మన సీమలో యంత్రమునకు విధించు పరిమితులు చిన్నవి కావు. 250 గ్రాములకు లోబడిన చిన్న డ్రోన్లు గంటకు సుమారు 38 కిలోమీటర్ల గాలిని మాత్రమే తట్టుకొనును. వానిని 40 డిగ్రీలకు మించిన ఉష్ణమున నడుపరాదని తయారీదారులు చెప్పుదురు. మే మాసమున మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో ఆ హద్దు పగటివేళ తరచు దాటిపోవును. ఉష్ణవాయువు పలుచనైనది, 15 డిగ్రీల గాలితో పోల్చినచో 45 డిగ్రీల గాలి సుమారు పదవవంతు పలుచన. ఆ కారణముచే రెక్కలు అధికవేగముతో తిరుగవలెను; బ్యాటరీ త్వరగ తరుగును; ప్రకంపనము పెరుగును. వేడెక్కిన బండలనుండి పైకిలేచు గాలి, కొండవాలు దాటి సుడులు తిరుగు గాలి, నిదానముగ సాగు యంత్రమును ఉన్నట్లుండి ఎత్తివేయును. కావున తెల్లవారుజామే శ్రేష్ఠము. ముందుగ గాలికి ఎదురుగ పోయి, తిరుగుప్రయాణము గాలివాలున ఉండునట్లు చూచుకొనుటయు, నాల్గవవంతు బ్యాటరీ మిగిలియుండగనే దింపుటయు అలవాటు చేసికొనవలయును. ఎండిన చెరువునేలపై దింపునప్పుడు దుమ్ము జింబల్ మోటారులలో చేరును. ఒక పట్టా పరచుట చాలును.

సీతారామపురము కొండలకు చేరువనున్న భైరవకోనలో, రాతిని తొలిచిన శివాలయముల యెదుట జలపాతము పడుచుండును. దానిని చిత్రించుట అందరి కోరిక. కాని లోయలో ఆకాశము కొంతయే కనబడుటచే, యంత్రమును ఉన్నచోట నిలుపు ఉపగ్రహసంకేతములు క్షీణించును. యంత్రము ఉన్నచోట నిలువక జారిపోవును. అడుగున నున్న కెమెరాకన్నుల సహాయముతో నిలుకడ పొందవలెనన్న, పారు నీరు వానిని భ్రమింపజేయును. కంభము చెరువు నీటికి రెండుమూడు మీటర్ల ఎత్తున పోవువారికిని ఈ ప్రమాదమే. ఇట్టిచోట నీటినుండి ఎడముగ, స్థిరమైన బండపై నిలుపుటయే మేలు.

చట్టమును గూర్చి చెప్పవలసినది కొంత కలదు. గ్రీన్ జోన్ అనబడు పచ్చమండలమున 120 మీటర్ల వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. ఏ స్థలము ఏ మండలమున నున్నదో ప్రభుత్వపు డిజిటల్ స్కై పటములో చూడవచ్చును. 250 గ్రాములకు లోబడిన నానో తరగతికి సడలింపులు అధికము. 250 గ్రాములనుండి 2 కిలోల వరకు మైక్రో తరగతి. దానిని వ్యాపారముగ నడుపువానికి, అనగా దానితో పెళ్లిళ్లకు పోవు ప్రతి ఆపరేటరుకు, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండవలయును. యంత్రమునకు నమోదుసంఖ్య, బీమా ఉండవలయును. యంత్రము కంటికి కనబడు దూరములోనే ఎగురవలయును. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లేయులు విమానస్థలము నిర్మించిన దొనకొండ మన చెంతనే కలదు. ఎగురుటకు ముందు అట్టి స్థలముల పరిసరములను పటములో పరిశీలించుట విధి. గిద్దలూరు దాటి దిగువమెట్ట వైపు సాగినచో నల్లమల అడవి. నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యము విస్తీర్ణమున దేశములోనే పెద్దది. అటవీశాఖ అనుమతి లేనిదే అచట యంత్రమును ఎగురవేయుట అపరాధము. అడవిజంతువులకు ఆ రొద భయంకరము. గూటిలో పిల్లలనుంచుకొన్న గ్రద్ద యంత్రముపై దాడిచేయుట అరుదు కాదు. తప్పు గ్రద్దది కాదు.

జనసమ్మర్దముపై ఎగురుటను నేను ఏ కారణమునను సమర్థింపలేను. త్రిపురాంతకమున శివరాత్రినాడు గుమికూడు భక్తులను, మార్కాపురము చెన్నకేశవస్వామి రథమును మీదినుండి చూపవలెనను కోరిక మంచిదే. దానికై వారి తలలపై నిలువనక్కరలేదు. ప్రక్కనున్న ఖాళీస్థలముపై నిలిచి ఏటవాలుగ చూచినచో రథము ఎత్తు, జనుల రద్దీ ఇంకను స్పష్టముగ తెలియును. వేసవిలో మన ఊళ్లలో జనులు మిద్దెలపై పండుకొందురు, ఆడవారు పెరడులలో పనులు చేసికొందురు. ఊరిమీద తెల్లవారుజామున ఎగురువాడు ఆ ఇండ్లవారిని ముందు అడుగవలయును. ఊరిపెద్దతో ఒక మాట, చుట్టుప్రక్కల వారికి ఒక కబురు – ఈ రెండింటికి పట్టు కాలము బ్యాటరీ నింపుటకు పట్టు కాలముకంటె తక్కువ.

పెళ్లివీడియోలలో డ్రోన్‌ను సన్నివేశమునకు మొదట ఒకమారు, చివర ఒకమారు వాడిన చాలును. ఊరేగింపు వెంట ఇరువది నిమిషములు తిరిగిన దృశ్యము కూర్పులో ఇరువది సెకనులు కూడ నిలువదు. కూర్చువానికి వలయునది కదలికకు ముందును వెనుకను ఐదేసి సెకనుల నిలుకడ. అది లేనిచో ఎంత నునుపైన షాట్‌నైనను నడుమ కోయవలసివచ్చును. కంప్యూటరులో వణుకు తగ్గించు సాధనములు చిత్రపు అంచులను కత్తిరించి, గోడలను అలలవలె వంచును. వానిపై ఆశ పెట్టుకొని అజాగ్రత్తగ తీయరాదు. కళ్లజోడు ధరించి యంత్రములో తానే కూర్చున్నట్లు నడుపు ఎఫ్‌పీవీ పద్ధతి వేరొక విద్య. అది జింకవేగమునకు తగినది, చెరువునకు కాదు. ధ్వనిని గూర్చి ఎవరును ఆలోచింపరు. డ్రోన్ చిత్రమున శబ్దముండదు గాన సినిమాపాట నొకదానిని అతికింతురు. కట్టపై ఒక ఫోనునుంచి తూముల నీటిచప్పుడును, కొంగలరెక్కల చప్పుడును, దూరపు బోరుమోటారు చప్పుడును రికార్డు చేసి జతపరచినచో ఆ దృశ్యము స్థలమునకు కట్టువడి నిలుచును.

ఒక కోరికను మన ఆపరేటరుల ముందు ఉంచదలచితిని. ఆధునిక డ్రోన్లలో పెక్కింటికి, ఒకమారు ఎగిరిన మార్గమును, ఎత్తును, వేగమును, కెమెరా కోణమును గుర్తుంచుకొని అదే దారిని మరల ఎగురు శక్తి కలదు. దానిని వినోదమునకై వాడుచున్నాము. కంభము చెరువు, దర్శి బ్రాంచి కాలువ, నల్లమలసాగరము, మార్కాపురము గనులు – ఈ నాలుగుచోట్ల మార్గము నొకదానిని నిర్ణయించి, ప్రతి సంవత్సరము అక్టోబరు చివరను, మే మొదటను అదే వేళకు అదే వేగముతో ఎగురవేసి, ఆ చిత్రములను తేదీతోను మార్గవివరములతోను భద్రపరచవలయును. పొలమెంత తడిసినది, చెరువెంత పూడినది, గుట్టయెంత తరిగినది రైతులకును ఇంజనీర్లకును ఒకేమారు కనబడును. ఇట్టి పనికి పెద్ద కెమెరా అక్కరలేదు. పెళ్లిళ్లులేని మూఢములో రెండు ఉదయములు, మార్గవివరములు వ్రాసియుంచుటకు ఒక నోటుపుస్తకము ఉన్నచో ఏ ఊరి స్టూడియోవారైనను ఈ సంవత్సరముననే ఆరంభింపవచ్చును.